ఒక్క గీతతో కొట్టేయమన్న టీచరమ్మ

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది సైదులు బాబాయి. తెల్లవారింది గానీ ఇంకా కొట్లు తెరవలేదు. నేను ఫజరు నమాజు ముగించి చాప మీదే కూర్చుని ఉన్నాను. మా వీధి మలుపులో మోటార్లకు వైండింగు కట్టే సైదులు బాబాయి గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా, చేతిలో తాళాల గుత్తి తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మాయ్, నరసరావుపేట ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. మీ టీచరమ్మ ఇక లేదంట."

అంతకు కాసేపటి ముందే ఆమెకు ఊపిరి తేలిక చెయ్యమని దువా చేశాను. ఆ దువా ఏ రకంగా అందిందో దేవుడికే తెలుసు. ఆయన ఏం చేసినా మంచికే చేస్తాడని నా నమ్మకం. ఆ రోజు మాత్రం ఆ నమ్మకం పట్టుకుని లేచి నిలబడటానికి కొంచెంసేపు పట్టింది.

టీచరమ్మ వాళ్ళ చర్చిలో ఎవరైనా పోతే, పాతిపెట్టేముందు వాళ్ళ చరిత్ర చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఏ బళ్ళలో చేశారు, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, అన్నీ. టీచరమ్మకూ చదివారు. చదివినవన్నీ నిజాలే. కానీ వింటున్నంతసేపూ ఆమె నాకు ఎక్కడా కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఆమె పేరు రాయను. నకరికల్లులో మా వీధి మొత్తానికి ఆమె టీచరమ్మే. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు.

బక్కపలచని మనిషి. ముడిలో పూల బదులు పెన్సిలుండేది. బుగ్గన లవంగం. దగ్గుతూ మాట్లాడేది, మాట్లాడుతూ దగ్గేది; రెంటిలో ఏది ముందో తెలిసేది కాదు. నవ్వటం తక్కువ. ఎదుటివాళ్ళు ఆమె మాటలకు నవ్వితే మాత్రం, తను చెప్పినదాంట్లో నవ్వేందుకేముందా అన్నట్టు చూసేది.

మాది పరుపులు కుట్టే ఇల్లు. నాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ వచ్చేవి. బళ్ళో రెండుసార్లు పడిపోయాక, "ఇంట్లోనే ఉంచుకోండి, మాకు బాధ్యత లేదు," అని పంపేశారు. నాయన పక్కన కూర్చుని దూది పీకటం, దిండు గలీబుకు కుట్లు వెయ్యటం, అదే నా బడి. ఒకరోజు ఎదురింట్లో ఉండే టీచరమ్మ దిండు తెచ్చింది, దూది గడ్డకట్టిందని. నేను పొట్లానికొచ్చిన పాత పేపరు ముక్క చదువుకుంటూ ఉన్నాను.

"ఏమే, చదవటం వచ్చా నీకు?"

"కొంచెం కొంచెం వచ్చు టీచరమ్మా."

"రాయటం?"

రాదన్నట్టు తల ఊపాను. ఆమె సంచిలోంచి కొత్త నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. "ఈ దిండు గురించి రాయి," అంది. నేను పెన్సిలు పట్టుకుని, ఆ తెల్లటి పేజీ వంక చూస్తూ, ఒక్క అక్షరం కూడా పెట్టలేక ఏడుపు మొహం పెట్టాను. పాడు చేస్తానేమోనని భయం. ఆమె ఆ పుస్తకం లాగేసుకుంది. సంచిలో చెయ్యి పెట్టి సువార్త కూడికల కరపత్రమొకటి తీసి, వెనక్కి తిప్పి ఇచ్చింది. ఒకవైపు అచ్చు, ఇంకోవైపు ఖాళీ.

"ఇది ఎట్లాగూ పారేసే కాయితం. దీన్ని నువ్వు కొత్తగా పాడు చేసేదేం లేదు. రాయి."

రాశాను. "దిండు మెత్తగా ఉంది. దిండు పాతది. దిండులో టీచరమ్మ తలకాయ గుంట ఉంది." ఆమె చదివి మూడో వాక్యం కింద గోటితో గీరింది. "ఇదొక్కటే నువ్వు చూసి రాసింది. మిగతా రెండూ ఎవురైనా రాస్తారు. రేపు మళ్ళీ రాయి." ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం వాళ్ళ వరండాలో ట్యూషను పిల్లలతో నేనూ కూర్చున్నాను. నాయన డబ్బు మాటెత్తితే, "నీ కూతురు నా తలకాయ గుంట కనిపెట్టింది సాయిబూ, ఇంకేం కావాలి," అని కొట్టిపారేసింది. ఆ రోజు దూది గడ్డకట్టించిన దేవుడికి ఇప్పటికీ షుకర్ చెప్పుకుంటాను.

వరండాలో ఆమె చట్టాలు కొన్ని ఉండేవి. మొదటిసారి రాసేది ఎప్పుడూ నోటుబుక్కులో రాయకూడదు. కరపత్రాల వెనకా, విత్తనాల కంపెనీ పోస్టర్ల వెనకా, పోయిన నెల కేలండరు కాయితాల వెనకా రాయాలి. రబ్బర్లు గుమ్మం దగ్గరే పచ్చడి జాడీలో వేసి రావాలి. ఇంటికి పోయేటప్పుడు తీసుకోవాలి. తప్పనిపిస్తే ఒక్క గీతతో కొట్టెయ్యాలి. కింద మాట కనపడాలి. నల్లగా రుద్దేస్తే కోపమొచ్చేది.

"ఏంది, హత్య చేసి పాతేసినావా? కొట్టేసిన మాట కనపడకపోతే, దానికన్నా మంచి మాట ఎందుకు పెట్టినావో రేపు నీకెట్లా తెలిసిద్ది?"

అచ్చు గుద్దినట్టు నీటుగా రాసుకొచ్చిన పేజీ కనపడితే ఆమెకు అనుమానం. కాయితం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. "ఒరేయ్, దీంట్లో గైడు వాసనొస్తంది. ఎవురి పొలంలో కోసుకొచ్చినావురా?" అనేది. పిల్లలు పకపకమనేవాళ్ళు.

ఆమె ఎక్కువగా చెప్పే మాట మిరప కోత మాట. మా వైపు పిల్లల్లో సగం మంది సెలవుల్లో కోతలకు పోయినవాళ్ళే కాబట్టి వేరే వివరించే పని లేదు. "కోసేటప్పుడు తాలుకాయ ఏదో, మంచికాయ ఏదో చూసుకుంటా కూచుంటారంటే? చూస్తే సాయంత్రానికి సంచి నిండదు. కోత కోతే. కల్లంలో ఆరబోసినాక, కూచుని ఏరుకుంటారు. ఈ రోజు కోత. ఏరుడు రేపు." అందుకే రాసిన రోజు ఎవరి కాయితమూ దిద్దేది కాదు. రాత్రంతా ఆ కాయితాలు ఆమె గూట్లో పడుకునేవి. మర్నాడు ఒకళ్ళది ఒకళ్ళు పైకి చదవాలి. వినేవాళ్ళు తమకు దారి తప్పిన చోట చెయ్యెత్తాలి. బాగుంది, బాగాలేదు అనకూడదు. "ఇక్కడ తప్పిపోయినా" అని మాత్రం అనాలి.

మధ్యలో నాకు ఫిట్స్ వస్తే పిల్లల్ని దూరంగా జరిపి, నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తను గోడకానుకుని కూర్చునేది. తెలివొచ్చాక నీళ్ళిచ్చి, అయ్యో అనకుండా, "ఎక్కడ ఆపినావో అక్కణ్ణుంచి రాయి," అనేది. నా జబ్బును కూడా ఆమె ఒక కొట్టివేతలాగే చూసిందనుకుంటాను. ఒక్క గీత, ఆ తర్వాత వాక్యం సాగాలి.

చివరికి దేవుడి దగ్గర కూడా ఆమె అంతే. వాళ్ళ స్త్రీల సమాజం ఒక్కోసారి ఆ వరండాలోనే కూడేది. మా గడపలో కూర్చుంటే నాకన్నీ వినపడేవి. మిగతా ఆడవాళ్ళు ప్రార్థన మొదలుపెడితే ఏరు పారినట్టు పోయేది. టీచరమ్మ వంతు రాగానే, "ప్రభువా, మా వీధిలో అందరికీ ఆరోగ్యం... కాదు. అట్లా కాదు. ప్రభువా, రత్నమ్మ కాలుపుండు మానాలి. అదీ నేను అడిగేది. ఆమెన్," అనేది. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఒకసారి పాస్టరమ్మ, "ఏందక్కా, ప్రభువు దగ్గర కూడా కొట్టివేతలా?" అంది. "ఆయన దగ్గర కాకపోతే ఇంకెవురి దగ్గర?" అంది టీచరమ్మ. నాది వేరే నమాజు, వేరే భాష. అయినా ఆ మాట విన్నాక నా దువా తీరు మారింది. కంఠతా వచ్చినవి చదివాక, నా సొంత మాటల్లో, తప్పులతో కొంచెంసేపు మాట్లాడటం నేర్చుకున్నాను.

ఇదంతా తలుచుకుంటే నాకు సంతోషమే. ఇక్కణ్ణుంచి చెప్పబోయేది సంతోషం కాదు.

కోటేశ్వరి తొమ్మిదిలో ఉండగా వరండాకొచ్చింది. ఊరి చివర రేకుల ఇల్లు. తండ్రి అంతకు నాలుగేళ్ళ ముందు మిరప తోటలో మోటారు స్టార్టరు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. తల్లి కూలి ముఠాలో కోతలకు పోయి, పిల్లను ప్రైవేటు బళ్ళో వేసింది. పిల్ల మాట్లాడితే తల దించుకునే రకం. చేతిరాత మాత్రం ముత్యాలే. తప్పు పడితే పేజీ చింపేసి మళ్ళీ మొదటి నుంచి రాసేది. చింపీ చింపీ నోటుబుక్కు సన్నగా అయిపోయేది. టీచరమ్మ ఆ పుస్తకం చేత్తో తూచినట్టు పట్టుకుని, "దీనికి ఆకలేస్తందే, అన్నం పెట్టు," అంది. కోటేశ్వరి నవ్వింది. ఆ నవ్వుతో టీచరమ్మ ఆ పిల్లను మనసులో పెట్టుకుంది.

బళ్ళో ఇంటర్నల్ మార్కులకు 'మా నాన్న' మీద వ్యాసం రాయమన్నారు. గైడులో ఉన్నది దింపితే సరిపోయేది. కోటేశ్వరి మొదట అదే రాసుకొచ్చింది: "తండ్రి కుటుంబానికి మూలస్తంభం."

టీచరమ్మ వాసన చూసింది. "మీది రేకుల షెడ్డు గదే. దాంట్లో మూలస్తంభం ఎక్కడుంది?"

"లేదు టీచరమ్మా."

"మరి ఏముంది?"

పిల్ల నోటుబుక్కు మూసింది. చివరికి, "చెప్పులున్నయ్," అంది.

"ఎవురివి?"

"మా నాన్నయి."

టీచరమ్మ కేలండరు కాయితం చించి ఇచ్చింది. "ఇది కోత. ఏదీ ఏరమాక. అంతా పొయ్యి."

ఆ పిల్ల ఆ సాయంత్రం తల ఎత్తకుండా రాసింది. మర్నాడు దాన్ని పైకి చదివేది నేను, వినేది కోటేశ్వరి, టీచరమ్మ. ఒకచోట నేను ఆగిపోయాను. అక్కడ ఇలా ఉంది: "మా నాన్న చచ్చిపోయిన రోజు నాకు సంతోషం వేసింది. లెక్కల పరీక్ష రాసే పని సగంలో తప్పింది."

నేను చెయ్యెత్తాను. "ఇక్కడ తప్పిపోయినా."

టీచరమ్మ లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుని, చాలా నెమ్మదిగా అడిగింది. "పరీక్షలోంచి నిన్ను లేపి పంపినప్పుడు, మీ నాన్న పోయినట్టు నీకు తెలుసా?"

"తెలవదు. ఎవురూ చెప్పలా. ఇంటికి పొమ్మన్నారు అంతే."

"ఆ మాట ఇందులో లేదు గదా?"

పిల్ల కాయితం వంక చూసుకుంది. లేదు. ఉన్న రెండు వాక్యాలూ నిజమే, కానీ వాటి మధ్య ఉండాల్సిన వాక్యం రాయలేదు. పెన్సిలు తీసుకుని ఆ రెండింటి మీదా ఒక్క గీత గీసింది. నేర్పినట్టే, కింద మాట కనపడేట్టు.

ఆ తర్వాత ఇంకా కొన్నిసార్లు రాసింది. ఒకసారి కోపంగా రాసింది, ఒకసారి అంతా కరెంటోళ్ళను తిట్టింది, ఒకసారి నాలుగు వాక్యాలే రాసి ఆపేసింది. చివరికి సాఫు చేసి తెచ్చిన ప్రతిని తనే చదువుతానంది. నాకది ఇప్పటికీ కంఠతా ఉంది. ఏ దువాతో పాటు నాలో ఉండిపోయిందో గానీ, మరిచిపోలేదు:

"మా నాన్న తోటలోకి దిగేముందు చెప్పులు స్టార్టరు పెట్టె పక్కన విడిచేవాడు. లెక్కల పరీక్ష మధ్యలో నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. పరీక్ష రాసే పని తప్పిందని నేను గెంతుకుంటూ వచ్చాను. దారిలో మా తోట దగ్గర చెప్పులు కనపడ్డాయి. నాన్న లోపల పనిలో ఉన్నాడు, వస్తాడు అనుకుని అక్కడే కూర్చున్నాను. తర్వాత ఎవరో వచ్చి నన్ను ఎత్తుకుపోయారు. అమ్మ ఆ చెప్పులు ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు పొలానికి తనే వేసుకుపోతుంది. అవి అమ్మ పాదాలకు పెద్దవి. నడుస్తుంటే టపటపమంటాయి. ఆ చప్పుడు దూరం నుంచి వింటే మా కుక్క లేచి నిలబడుతుంది. ఒక్కోసారి నేను కూడా."

ఎవరం చెయ్యెత్తలేదు. టీచరమ్మ ముడిలో పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసింది. "ఇంతే," అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు.

ఆ సంతోషంలో ఆమె చేసిన పనే మొత్తం పాడు చేసింది. ఆమెకొక అలవాటు ఉండేది. సాఫు ప్రతి కింద చిత్తు కాయితాలన్నీ వరసగా పెట్టి గుండుసూది గుచ్చేది. గమ్యం ఒక్కటి చూపిస్తే చాలదు, నడిచొచ్చిన దారి కూడా కనపడాలని ఆమె పట్టు. తన వరండాలో అది బాగానే సాగింది. కోటేశ్వరి వ్యాసాన్ని కూడా అట్లాగే గుచ్చి, కేలండరు కాయితాలతో సహా బడికి పంపింది. "చూడనీ, పిల్ల ఎంత దూరం నడిచిందో," అంది.

బళ్ళో ఎవరు చేశారో, ఏ ఉద్దేశంతో చేశారో నాకు తెలియదు. ఆ కట్టలోంచి కేలండరు కాయితాన్ని ఫోటో తీసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పైన, "పిల్లలు ఇలా రాయకుండా ఇంటి దగ్గర శ్రద్ధ తీసుకోండి," అని. సాఫు ప్రతిని ఎవరూ ఫోటో తియ్యలేదు. అది నీటుగా ఉంది మరి, హెచ్చరికకు పనికిరాదు.

ఒక్క గీత కింద ఉన్న మాటను చదవటం ఎవరికీ కష్టం కాలేదు.

కోటేశ్వరి తల్లికి చదువు రాదు. మర్నాడు కల్లంలో ముఠా అంతా తాలు ఏరుతుంటే, అదే బళ్ళో పిల్లలున్న మేస్త్రి ఫోను చూసి, "ఏమే, ఇది మీ పిల్లే గదా? మొగుడు సచ్చిన రోజు నీ కూతురికి పండగంట," అని, ఆ రెండు వాక్యాలూ గట్టిగా చదివాడు. అక్కడున్న ఒకామె తర్వాత మా ఇంట్లో పరుపు తీసుకోవటానికొచ్చి ఇదంతా చెప్పింది. ఆ తల్లి తన ముందున్న కుప్పలోంచి తాలుకాయలు ఏరుతూనే ఉందట, సాయంత్రం దాకా.

ఇంటికెళ్ళి కూతుర్ని కొట్టలేదు. కొట్టినా బాగుండేదని కోటేశ్వరి తర్వాత నాతో అంది. పలకటం మానేసింది. సోమవారం తెల్లారగట్ల కోతలకు పోయే ఆటో వచ్చినప్పుడు, కూతురి చేతిలో ఒక సంచి, తలగుడ్డ పెట్టింది. అంతే. బడి అయిపోయింది.

టీచరమ్మ ముందు బడికి పోయింది. అక్కడి హెడ్మాస్టరు మర్యాదగానే మాట్లాడాడట. గ్రూపులోంచి ఆ ఫోటో తీసేయించాడు. "కానీ మేడం, మీరే పిన్ను కొట్టి పంపించారు. పంపినదాన్ని మేము చూడకూడదా?" అన్నాడట. ఆమె ఆ మాట నాకు చెప్పి, "అదీ నిజమే గదే," అంది.

తర్వాత కోటేశ్వరి ఇంటికి పోయింది, నన్ను వెంటబెట్టుకుని. తల్లి పొయ్యి ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని కూర్చోమనలేదు.

"అమ్మాయ్, అది చిత్తు. పిల్ల దాన్ని కొట్టేసింది," అంది టీచరమ్మ.

"కొట్టేస్తే మాత్రం? అనుకుంది గదా."

"అనుకున్నది సగమే అమ్మా. మిగతాది తర్వాత రాసింది. ఒక్కసారి విను, ఈ పిల్ల చెప్పిద్ది..."

"వద్దు. మీ కాయితాలు మీరే ఉంచుకోండి. నా బిడ్డ మనసులో ఏముందో ఊరికి తెలిసింది. నేను ఇంకా వినేది ఏముంది?"

నేను నోరు తెరవబోయాను. ఆ తల్లి ఒక్క చూపు చూసింది, మూసుకున్నాను. పొయ్యి పక్కన గోడకానుకుని కోటేశ్వరి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉంది. మేం ఉన్నంతసేపూ ఎత్తలేదు. వచ్చేటప్పుడు టీచరమ్మ ఆ పిల్ల ముందు వంగి, "తప్పు నాది," అంది.

ఆ తర్వాత టీచరమ్మ పిన్నులు మానేసింది. పిల్లలు రాసిన చిత్తు కాయితాలను తన గూట్లో కూడా ఉంచుకునేది కాదు, ఎవరివి వాళ్ళకిచ్చి, "నీకిష్టమైతేనే నాకు చూపించు. లేకపోతే ఇంటికి తీసకపోయి పొయ్యిలో పెట్టు. కానీ రాయటం మాత్రం మానమాక," అనేది. ఒక్క గీత చట్టం మాత్రం మార్చలేదు. నేనొకసారి అడిగాను, నల్లగా రుద్దించి ఉంటే ఇదంతా జరిగేది కాదు గదా అని.

"రుద్దితే ఆ పిల్ల రెండోది రాయగలిగేదంటే? ఆ మాట ఎదురుగా కనపడబట్టే దాని పక్కన నిజం పెట్టగలిగింది. గీత తప్పు కాదు. నేను తలుపు తీసిపెట్టినా చూడు, అదీ తప్పు. పచ్చి పుండు వీధిలో పెట్టినా."

ట్యూషనుకు పిల్లలు తగ్గారు. "ఆమె దగ్గరికి పంపితే మన ఇంటి సంగతులు రాయించిద్ది," అనుకున్నారు వీధిలో. చివర్లో ఒకళ్ళిద్దరు మిగిలారు. పచ్చడి జాడీ అడుగున ఎవరూ తీసుకుపోని రబ్బర్లు ఎండి రాయిలా అయిపోయాయి.

ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా కోటేశ్వరి వాళ్ళింటికి పోయేది. కోతల రోజుల్లో ఆదివారమూ ఎవరూ ఇంట్లో ఉండరు. మూసిన తలుపు చూసి తిరిగొచ్చేది. ఉంటే, గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చేది. తల్లి ఒక్కసారీ రమ్మనలేదు, పొమ్మనలేదు. "ఎందుకు టీచరమ్మా, దగ్గు పెట్టుకుని అంత దూరం?" అంటే, "నేను రావటం ఆ పిల్లకు తెలియాల. అంతే," అనేది.

స్త్రీల సమాజంలో ఆమె చేసిన ఆఖరి ప్రార్థన కూడా నేను మా గడపలోంచే విన్నాను. అప్పటికి ఊపిరి అందటం కష్టమైంది. "ప్రభువా, కోటేశ్వరి..." అని ఆగింది. "కాదు. ప్రభువా, ఆ తల్లి..." మళ్ళీ ఆగింది. "కాదు. నేను..." అంది. ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని కాచుకున్నారు. ఈసారి ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు. దగ్గు ఒకటి వచ్చి పోయింది. వీధిలో ట్రాక్టరు ఒకటి పోయింది. ఆమెకు మాట దొరకలేదు. పక్కనున్నామె ఆమెన్ అంటే అందరూ ఆమెన్ అన్నారు, టీచరమ్మ అనలేదు. పూర్తికాని దానికి ఆమె ఎప్పుడూ ఆమెన్ అనదు.

ఆ వారంలోనే నరసరావుపేట తీసుకుపోయారు.

పోయాక ఆస్పత్రి నుంచి తెచ్చి ఆమెను వరండాలోనే పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి ఊరి ఆడవాళ్ళు వచ్చి పోతూ ఉన్నారు. నేను ఆమె తల దగ్గర కూర్చుని ఉన్నాను. కోతల నుంచి తిన్నగా వచ్చింది కోటేశ్వరి, తలగుడ్డ కూడా తియ్యకుండా. ఇప్పుడు పెద్ద మనిషిలా ఉంది, మొహం ఎండకు నల్లబడింది. మెట్టు దగ్గర ఆగింది. ఎవరో, "రా అమ్మా, ఒకసారి మొహం ముట్టుకో," అన్నారు.

"చేతులకు కారం ఉంది," అంది.

నీళ్ళు తెస్తానన్నాను. "కడిగినా పోదక్కా," అంది. దూరం నుంచే చూసింది. చాలాసేపు చూసింది. ఏడవలేదు. నేను లేచి ఆమె దగ్గరికి పోయాను.

"ఏమన్నా రాస్తన్నావా కోటేశ్వరీ?"

"లేదక్కా. ఏం రాయను?" టీచరమ్మ వంకే చూస్తూ, "ఆమె ఆదివారాలు వచ్చేది. నేను లోపలే ఉండేదాన్ని. దగ్గు వినపడేది. ఒక్కసారన్నా బయటికి రావాల్సింది," అంది.

"అమ్మ ఆ చివర రాసింది విన్నదా ఎప్పుడన్నా?"

"అడగలా. నేను చెప్పలా. ఇద్దరం ఒకే సాలులో కోస్తాం, రోజూ."

నేను ఎప్పుడైనా టీచరమ్మ గురించి రాస్తే ఇది రాయవచ్చా అని అడిగాను. రాయొద్దంటే రాసేదాన్ని కాదు. ఆమె తలగుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది.

"రాయక్కా. నా పేరు కూడా రాయి. ఆ కొట్టేసింది కూడా రాయి, ఏం దాచమాక. ఊరు సగమే విన్నది గదా. మిగతా సగం విననీ. ఎవురన్నా మా అమ్మకు చదివి వినిపిస్తారేమో."

ఆటో ఆగి ఉంది, ముఠా వాళ్ళు పిలుస్తున్నారు. వెళ్ళిపోయింది.

అందుకని, చదివిన అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములకూ నాదొక్క మనవి. టీచరమ్మ కోసం మిమ్మల్ని ఏమీ అడగను. ఆమెను దేవుడు చూసుకుంటాడు, ఆయన దగ్గర ఆమె మాట ఏదో ఒకనాటికి దొరుకుతుంది. నాకు అక్షరం పెట్టి, పడిపోయిన చోటనుంచి లేపి రాయించిన ఆమె రుణం నేను దువాలో తీర్చుకుంటాను. మీరు కోటేశ్వరిని గుర్తుపెట్టుకోండి. నకరికల్లు చుట్టుపక్కల మిరప తోటల్లో, తల్లి పక్కనే ఒకే సాలులో, తల్లితో మాట్లాడకుండా కోస్తూ ఉంటుంది. ఆమె కొట్టేసింది మీరూ చదివారు. ఆమె ఉంచుకున్నది కూడా చదివారు. ఆ ఉంచుకున్నదానితో ఆమెను గుర్తుపెట్టుకోండి.